రెండో గ్లాసు

బందరు ఈడేపల్లిలో సీతామహాలక్ష్మి గారింటి గేదె పాలంటే తెలియనివాళ్ళు లేరు. వేలు ముంచి తీస్తే వేలికి అంటుకుని వచ్చే పాలవి. వాడికగా పోయించుకునేవాళ్ళు బదిలీ మీద ఊరు మారితే, ఇల్లు ఖాళీ చేసిన దిగులు కంటే ఈ పాలు వదులుకోవాల్సి వచ్చిన దిగులే ఎక్కువ పడేవారు. సరిగ్గా అలాంటి ఇంటి వీధి గదిలో, ఆవిడ భర్త కోదండరామయ్య పాలు లేని టీ అమ్మే కొట్టు పెట్టాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇది తొంభై ఎనిమిది దసరా నాటి మాట. అప్పటికి ఆ దంపతులు కూనూరు నుంచి వచ్చి ఏడాది దాటింది. కోదండరామయ్యది గూడూరు పక్కన పల్లె. అన్నదమ్ముల పంపకాలయ్యాక తన వాటాకి వచ్చిన పొలం చెక్కను అన్నగారికే కౌలుకిచ్చేసి, ఎవరిదో సిఫార్సు పట్టుకుని పడుచు వయసులోనే ఆ కొండెక్కాడు. టీ వేలం వేయించే కంపెనీలో ఉద్యోగం. చేరింది గుమాస్తాగానే గానీ, ఆయన నాలుక మీద పైవాళ్ళకి గురి కుదిరి రుచి చూసే బల్ల దగ్గరికి మార్చారు. పొడుగాటి బల్ల, దాని మీద బారుగా తెల్ల కప్పులు. చెంచాతో తీసుకుని, జుర్రున పీల్చి, నోరంతా తిప్పి, పక్కన పెట్టిన డబ్బాలో ఉమ్మేయాలి. అదీ పని. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు, ఉమ్మేసినందుకు నెలనెలా జీతమిస్తారని చెబితే పల్లెలో ఎవరూ నమ్మలేదు. ఆయన తండ్రి ఒక్కడే నమ్మాడు. నమ్మి, ఈ సంగతి బయట ఎవరికీ చెప్పకురా అన్నాడు.

సీతామహాలక్ష్మి గుడ్లవల్లేరు పిల్ల. పాడి మధ్య పుట్టి, మీగడ మధ్య పెరిగింది. పెళ్ళయ్యాక ముప్ఫై ఏళ్ళు ఆ చలి కొండ మీద, సీసాల్లో అమ్మే పల్చటి పాలతో కాపురం నెట్టుకొచ్చింది. ఆయన రిటైరై బందరు వచ్చి ఇల్లు కొనుక్కోగానే ఆవిడ చేసిన మొదటి పని గేదెను కొనడం. రెండో పని ఇంకో గేదెను కొనడం. ఇంటికి సున్నం వేయించడం ఆ తరవాత చూసుకున్నారు.

కూనూరులో ఆయన సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక చేసే పని ఒక్కటే, ఆ రోజు తాగి ఉమ్మేసిన టీల గురించి భార్యకి చెప్పడం. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉండేది, లేకపోతే పొయ్యి వైపు తిరిగి పోపు పెడుతూ ఉండేది. ఆయన ఆవిడ వీపుకేసి చూస్తూ చెప్పుకుపోయేవాడు.

"అస్సాం ఆకు మా పెద్ద మావయ్యలాంటిదే సీతా. వీధి మొదట్లో ఉండగానే గొంతు వినపడుతుంది. రంగూ బలమూ దానివే. మొలకగట్టిన రాగులు వేయించినప్పుడు ఓ కమ్మటి వాసన వస్తుంది చూడు, అదీ దాని వాసన. పాలు పోసినా తట్టుకుంటుంది. డార్జిలింగు ఆకు అలాక్కాదు, కొత్త కోడలు. నెమ్మదిగా పలకరించావా, ద్రాక్షపండు వాసనతో మాట్లాడుతుంది. మరిగించి కేకలేశావా, గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. మనకి మిగిలేది చేదే. ఇక మన ఊటీ ఆకుందే, అది మరదలు పిల్ల. నిమ్మ వేసినా నవ్వుతుంది, ఏలక్కాయ వేసినా నవ్వుతుంది."

"మీ మరదలి నవ్వుల సంగతి సరే గానీ, చింతపండు తెచ్చారా?" అనేది ఆవిడ, తిరక్కుండానే.

చింతపండు తెచ్చేవాడు కాదు. అలా ముప్ఫై ఏళ్ళు గడిచాయి.

బందరు వచ్చాక ఏడాదిపాటు అరుగు మీద కూర్చుని పేపరు చదివాడు. చదవగా చదవగా ఆయనకో దిగులు పట్టుకుంది. ఇన్నేళ్ళూ తాను రుచి చూసిన టీలన్నీ డబ్బాలో ఉమ్మేసినవే. తను బాగుందన్న ఆకు ఓడలెక్కి ఎక్కడికో పోయింది. దాన్ని ఎవరు తాగారో, తాగినప్పుడు వాళ్ళ మొహం ఎలా ఉందో ఆయనకి తెలియదు. ఒక్క మనిషి, తన కళ్ళ ముందు, తను కాచిన టీ ఇష్టంగా మింగితే చూడాలి. పోయేలోపల చూడాలనుకున్న ముచ్చట అదొక్కటే. కాశీ రామేశ్వరాలు ఆయనకి గుర్తే రాలేదు.

పాత స్నేహితులకి చెప్పి కూనూరు నుంచి పెట్టెలు తెప్పించాడు. వీధి గదిలో అలమరా కొట్టించి, గాజు సీసాలు బారులు తీర్చాడు. ఊటీ ఆకులో ఎండిన దబ్బకాయ తొక్క తురిమి కలిపిందొక సీసా. అస్సాంలో సొంఠి, మిరియాలు దంచి వేసిందొకటి. దివిసీమ నుంచి తెలిసినవాళ్ళ చేత మొగలిపూలు తెప్పించి, ఆకు మీద రేకులు, రేకుల మీద ఆకు పొరలు పొరలుగా పరిచి మూతపెట్టి, వాసన పట్టాక రేకులు ఏరి పారేసిందొకటి. డార్జిలింగులో మాత్రం ఏమీ కలపలేదు. కొత్త కోడలికి మన నగలు పెట్టకూడదు, దాని అందం దానికుంది అనేవాడు.

టీ ఆకు గోడలకుండే చెవుల్లాంటిది, పక్కనేముంటే అది పట్టేస్తుంది. ఆ సంగతి తెలియక సీతామహాలక్ష్మి, ఖాళీగా ఉంది కదా అని అదే అలమరా పై అరలో ఇంగువ డబ్బా పెట్టింది. తెల్లారి సీసా మూత తీసిన కోదండరామయ్య సాయంత్రం దాకా భార్యతో మాట్లాడలేదు.

"పోనీ ఇంగువ టీ అని పేరు పెట్టి అమ్మండి. ఈ బందరులో అదైనా అమ్ముడుపోతుంది" అంది ఆవిడ.

కొట్టు సంగతి ఆవిడకి మొదటినుంచీ గిట్టలేదు. "పాడి ఉన్న ఇంట్లో పాలు లేని టీ పోస్తే నా పరువేం కానూ?" అంది.

"పాలు పోస్తే టీ పరువేం కానూ?" అన్నాడు ఆయన.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, కాసేపు ఆలోచించి, ఒక మాట చెప్పింది. "సరే, ఉగాది దాకా పెట్టుకోండి. మీ టీ తాగినవాళ్ళు రెండో గ్లాసు అడగాలి. మీరు ఇంకొంచెం తీసుకోండి అని బతిమాలకూడదు. వాళ్ళంతట వాళ్ళే నోరు తెరిచి అడగాలి. ఒక్కరంటే ఒక్కరు అడిగినా కొట్టు మీ ఇష్టం, నేను మళ్ళీ నోరెత్తను. అడక్కపోతే కొత్త అమావాస్య నాడు సీసాలు తీసేసి ఆ గదిలో దాణా బస్తాలు వేయించుకుంటాను."

"ఒక్కరేమిటే పిచ్చిదానా, సెంటరు దాకా వరస కడతారు" అని నవ్వాడు కోదండరామయ్య.

కొండ మీద ముప్ఫై ఏళ్ళుండి మన మనుషుల్ని మరిచిపోయాడు, పాపం. కృష్ణాజిల్లాలో పుట్టినవాడు ఎవడైనా ఆ షరతు వినగానే ఉలిక్కిపడాలి. మన దగ్గర మారు అడిగి పెట్టించుకోవడం అనేదే లేదు. వడ్డించేవాళ్ళు వేసుకోండి వేసుకోండి అనాలి, తినేవాళ్ళు చాలు చాలంటూ విస్తరి మీద చేతులు అడ్డం పెట్టాలి, ఆ వేళ్ళ సందుల్లోంచి గారె పడాలి. పడ్డాక అయ్యో అనాలి. తర్వాత తినాలి. ఇంతా చేస్తేనే ఒక మనిషి కడుపు నిండుతుంది. తనంతట తాను మారు అడిగిన పెద్దమనిషి గురించి వియ్యాలవారింట్లో మూడు తరాలు చెప్పుకుంటారు. మొహమాటం గురించి మనవాళ్ళకో మంచి సామెత కూడా ఉంది గానీ, అది నలుగురిలో చెప్పేది కాదు. ఇదంతా సీతామహాలక్ష్మికి తెలుసు. తెలిసే ఆ మాట అంది.

విజయదశమి నాడు కొట్టు తెరిచాడు. 'ఇచ్చట పాలు అడగరాదు' అని బోర్డు రాయించాడు. మొదటి గ్లాసు పక్కింటి గోవర్ధనరావుకి. ఆయన కోర్టులో గుమాస్తా, వరస ఏదీ లేకపోయినా కోదండరామయ్యను బావగారూ అని పిలుస్తాడు. బావగారు సీసా ఎత్తి వాసన చూపించి, నీళ్ళు మరగ్గానే దించి, ఆకు మీద పోసి, మూతపెట్టి, మరదలు పిల్ల కథంతా చెప్పి, వడకట్టి గ్లాసులో పోసి ఇచ్చాడు. ఎర్రటి టీ. వెనక గోడ మీది క్యాలెండరు గ్లాసులోంచి కనపడుతోంది. గోవర్ధనరావు కళ్ళు మూసుకుని, ఆముదం తాగే పిల్లాడిలా ఒక్క గుక్కలో పుచ్చుకున్నాడు.

"అద్భుతం బావగారూ!"

కోదండరామయ్య కెటిల్ పట్టుకుని నిలబడ్డాడు. ఇంకొంచెం అనే మాట నాలుక చివర ఉంది. లోపల గుమ్మం దగ్గర గాజుల చప్పుడైంది. నోరు మూసుకున్నాడు. గోవర్ధనరావు ఖాళీ గ్లాసు పట్టుకుని ఆయన వైపు చూశాడు. ఆయన గోవర్ధనరావు వైపు చూశాడు. దసరా సెలవులన్నది కూడా మరిచిపోయి, "కోర్టుకి టైమైందండీ" అని గోవర్ధనరావు లేచిపోయాడు.

ఇక రోజూ అదే వరస. వచ్చినవాళ్ళంతా తాగారు, తాగినవాళ్ళంతా అద్భుతం అన్నారు, రెండో గ్లాసు మాత్రం ఎవరూ అడగలేదు. దబ్బతొక్క టీ తాగిన ఒకాయన, "మా అత్తగారింట్లో కూడా జ్వరం వస్తే అచ్చం ఇలాంటిదే ఇస్తారండీ, చాలా బాగుంటుంది" అన్నాడు. మొగలి టీ తాగినాయన పెళ్ళిలో అత్తరు పూసుకున్నట్టుందని మెచ్చుకున్నాడు. సొంఠి మిరియాల అస్సాం తాగినవాళ్ళకి మాత్రం చెమటలు పట్టి మాట పెగల్లేదు.

నిజంగా ఇష్టపడ్డవాళ్ళు లేకపోలేదు. చిలకలపూడి నుంచి లెక్కల మాస్టారు దుర్గాప్రసాద్ సాయంత్రం పూట సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. డార్జిలింగు గ్లాసు అందుకుని, చిన్న చిన్న గుక్కలు వేస్తూ, మధ్యలో ఆగి వాసన చూసేవాడు. అడుగున మిగిలిన చుక్క కోసం తల పైకెత్తేవాడు. ఆ తర్వాత ఖాళీ గ్లాసు ఒళ్ళో పెట్టుకుని, కెటిల్ వైపు చూస్తూ కూర్చునేవాడు. ఒక్కసారి తీసుకోండి మాస్టారూ అంటే చాలు. అనకూడదు. మాస్టారు అడగాలి. అడగలేడు, బందరువాడు. చివరికి ఓ నిట్టూర్పు విడిచి సైకిలెక్కేవాడు. ఆయన వెళ్ళినవైపే చూస్తూ కోదండరామయ్య ఇంకో నిట్టూర్పు విడిచేవాడు. లోపల్నించి సీతామహాలక్ష్మి, "ఇవాళ ఎన్ని అద్భుతాలండీ?" అని అడిగేది.

మొహమాటం లేని మనిషి దొరికితే సరిపోతుందనుకుని ఒకరోజు గిలకలదిండి నుంచి చేపలు తెచ్చే భాగ్యమ్మను కూర్చోబెట్టి సొంఠి టీ ఇచ్చాడు. ఆవిడ తాగింది, మూతి తుడుచుకుంది.

"ఏంటి బాబుగోరూ ఇదీ, కసాయమా? మా బోట్ల మీద కూడా పాలుండవు గానీ, ఇంత బెల్లం ముక్కన్నా ఏస్తారు."

"ఇంకో గ్లాసు కావాలా భాగ్యమ్మా?" అనేశాడు ఆత్రంలో షరతు మరిచిపోయి.

"వొద్దు బాబూ, ఇంటికాడ పిల్లలున్నారు" అని గంప ఎత్తుకుంది.

సంక్రాంతి వెళ్ళి మాఘమాసం వచ్చేసరికి అసలు చిక్కు మొదలైంది. ఊళ్ళోవాళ్ళకి ఈ కొట్టు అర్థం కాలేదు. ఇంటి వెనక రెండు గేదెలు, ఇంటి ముందు పాలు లేని టీ. మధ్యలో ఎవరున్నారు? సీతామహాలక్ష్మి ఉంది. జనం ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చారు. పాలన్నీ అమ్ముకుంటోంది, మొగుడికి చుక్క పొయ్యట్లేదు. ఆ పెద్దాయన పరువు కోసం, అదేదో తనకిష్టమైనట్టు సీసాలు పెట్టుకుని కథలు చెబుతున్నాడు. ఇంత మంచిమనిషికి ఎంత కష్టమొచ్చింది!

అంతే, చెంబులు రావడం మొదలయ్యాయి. ఎదురింటి ముసలావిడ కొంగుచాటున గ్లాసెడు పాలు తెచ్చి, "ఆవిడ చూడకముందే పోసేసుకో నాయనా" అంది. పోస్టాఫీసు ఉద్యోగి ఒకాయన పాల ప్యాకెట్టు బల్ల మీద పెట్టి, కోదండరామయ్య భుజం తట్టి వెళ్ళాడు. నాలుగు చినుకులు పడితే వరదొచ్చిందని పులిహోర పొట్లాలు కట్టే జాలిగుండెల ఊరు మనది. కోదండరామయ్య ఎంత వద్దంటే వాళ్ళకి అంత జాలి పెరిగింది. మొహమాటపడుతున్నాడు అనుకున్నారు.

ఈ కబురు వాడిక ఇళ్ళ మీదుగా సీతామహాలక్ష్మి చెవిన పడింది. ఆ పూట ఆవిడ అన్నం తినలేదు.

"నా చేతి మీద ఇంతవరకూ ఒక మాట పడలేదు. మీ సీసాల పుణ్యమా అని పడింది. కొత్త అమావాస్య రానివ్వండి" అని మాత్రం అంది.

కోదండరామయ్యకి మొదటిసారి భయమేసింది. కొట్టు పోతుందన్న భయం కొంత. అంతకంటే, ఆవిడ కళ్ళలో నీళ్ళు చూశాడు. కూనూరు చలిలో, కాన్పు కష్టమైనప్పుడు కూడా ఆవిడ కళ్ళలో ఆయన నీళ్ళు చూడలేదు. మూసేద్దామా అనుకున్నాడు. పొద్దున్నే లేచి సీసా మూత తీస్తే ఆ వాసనకి మళ్ళీ మనసు మారిపోయేది. కాకిపిల్ల కాకికి ముద్దు.

గోవర్ధనరావుకి షరతు సంగతి ఎలాగో తెలిసింది. స్నేహితుడు కదా, తానే ఒక దారి చూశాడు. మర్నాడు గ్లాసు ఖాళీ చేసి, వీధంతా వినపడేలా, "బావగారూ! నేనే అడుగుతున్నాను! నా అంతట నేను! ఇంకో గ్లాసు పొయ్యండి!" అన్నాడు.

కోదండరామయ్య ఆయన మొహం చూశాడు. ముప్ఫై ఏళ్ళు నోటి రుచి మీద బతికినవాడు, ఎదుటివాడి గొంతు దిగని గుటక ఆయనకి తెలియకుండా పోతుందా? గోవర్ధనరావు పెదాలు నవ్వుతున్నాయి, గొంతు మాత్రం వద్దంటోంది.

"నీకు కోర్టుకి టైమైంది బావా" అని గ్లాసు చేతిలోంచి తీసుకున్నాడు.

"అదేంటి బావగారూ, అడిగానుగా?"

"నువ్వు నాకోసం అడిగావు. టీ కోసం అడగలేదు."

గుమ్మం దగ్గర గాజులు చప్పుడు కాలేదు. ఆవిడ అక్కడ ఉందో లేదో ఆయన తిరిగి చూడలేదు.

కొత్త అమావాస్య వచ్చింది. తెల్లారితే ఉగాది. సీతామహాలక్ష్మి పొద్దున్నే దాణా బస్తాలకి కబురు పెట్టి, చీపురు పట్టుకుని లోపలి గుమ్మంలో నిలబడింది. కోదండరామయ్య చివరిసారిగా నీళ్ళు పెట్టాడు. గోవర్ధనరావు సెలవు పెట్టి వచ్చాడు. దుర్గాప్రసాద్ మాస్టారు ఎన్నడూ లేనిది పొద్దుటి పూటే వచ్చి, గ్లాసు ఒళ్ళో పెట్టుకుని, పరామర్శకి వచ్చినవాడిలా కూర్చున్నాడు.

అప్పుడు ఇంటి ముందు ఆటో ఆగింది. గుడ్లవల్లేరు నుంచి సరోజిని దిగింది. సీతామహాలక్ష్మి అన్నగారి భార్య. పండగ బట్టలకి బందరు వచ్చి, పనిలో పనిగా ఇటు వచ్చింది. చేతిలో మూత బిగించిన స్టీలు క్యాను.

"అన్నయ్యగారూ, మా ఇంటి పాలండీ. పండగ పూటైనా చిక్కగా టీ పెట్టుకుని తాగండి" అని బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించింది. తగ్గించిన గొంతు కూడా ఎదురింటిదాకా వినపడింది. "గుడ్లవల్లేరులో కూడా అనుకుంటున్నారండీ. మా ఆడపడుచు చెయ్యి చిన్నప్పట్నించీ బిగువే. మీరు కాబట్టి నెట్టుకొస్తున్నారు."

గోవర్ధనరావు గ్లాసులోకి చూసుకున్నాడు. మాస్టారు చెప్పులు వెతుక్కోబోయాడు.

చీపురు గోడకి చేరేసి సీతామహాలక్ష్మి గదిలోకి వచ్చింది.

"కూర్చో వదినా. ఆ పాలు పట్టికెళ్ళి పెరుగు తోడు పెట్టుకో. ఈయన టీలో పాలు నేను పొయ్యక కాదు, పొయ్యకూడదు గనక. నువ్వు చూస్తున్నావే, ఆ మూల సీసా, అది డార్జిలింగు ఆకు. కొత్త కోడలు. దానికి ద్రాక్షపండు వాసన ఉంటుంది, పాలు పోస్తే ఆ వాసన చచ్చిపోతుంది. నీళ్ళు మరగ్గానే దించేయాలి, దానితోపాటు మరిగించకూడదు, చేదెక్కుతుంది. పాలు కావాలంటే ఇదిగో, ఈ అస్సాం ఉంది. దీనికి రాగులు వేయించిన వాసన. దీంట్లో దబ్బతొక్క వెయ్యకూడదు, రెండూ కొట్టుకు చస్తాయి. దబ్బతొక్కకి ఊటీ ఆకే సరి, అది ఎవరితోనైనా సర్దుకుపోతుంది. అలాగని దాన్నీ ఎక్కువసేపు నానెయ్యకూడదు, తొక్క వగరు దిగిపోతుంది. మొగలి రేకులు ఆకుతోపాటు ఉంచెయ్యకూడదు, తెల్లారి ఏరెయ్యాలి, లేకపోతే ముక్కిపోతుంది. తెలియకపోతే తెలుసుకోవాలి వదినా. మొగుడికి పాలు పొయ్యని దాన్నా నేను?"

కోదండరామయ్య భార్యను చూస్తూ ఉండిపోయాడు. ఆ మాటలన్నీ తనవే. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. బియ్యం ఏరుతున్న ఆ వీపు, పోపు పెడుతున్న ఆ వీపు, చింతపండు తెచ్చారా అని తిరక్కుండా అడిగిన ఆ వీపు ముప్ఫై ఏళ్ళూ వింటూనే ఉంది. గోడకి చెప్పుకున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఆయనకి ఒక్కసారిగా సిగ్గేసింది. సిగ్గుతోపాటు గుండె నిండిపోయింది.

"ఏవండీ, అలా చూస్తారేం? ఆ డార్జిలింగు ఒక గ్లాసు ఇటు పొయ్యండి" అని ఆవిడ వచ్చినవాళ్ళు కూర్చునే బల్ల మీద, మాస్టారి పక్కన కూర్చుంది. అంతకుముందు ఆవిడ పాలు లేని టీ నోట పెట్టింది లేదు.

ఆయన నీళ్ళు దించాడు. ఆకు మీద పోసి మూతపెట్టాడు. ఆటోవాడు కూడా దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన వడకట్టి గ్లాసు అందించాడు. ఆవిడ వాసన చూసింది. తాగింది. కళ్ళు మూసుకోలేదు, మొహం చిట్లించలేదు. నింపాదిగా అడుగుదాకా తాగి గ్లాసు దించింది.

"చేదుగా ఉంది" అంది.

సరోజిని కిసుక్కున నవ్వింది.

"ద్రాక్షపండు వాసన అన్నారు. నాకేం రాలేదు. తడిసిన వరిగడ్డి వాసనొస్తోంది" అంది ఆవిడ మళ్ళీ, మొగుడి కళ్ళలోకి చూస్తూ.

కోదండరామయ్య తల ఊపాడు. దసరా నుంచి అద్భుతం అద్భుతం అని వినీ వినీ ఆయన చెవులు అలసిపోయి ఉన్నాయి. చేదు అన్న మాటే నిజంగా టీ తాగిన మనిషి మాటలా వినిపించింది. అయినా సీసాలు తియ్యక తప్పదు. అలమరా వైపు తిరిగాడు.

"అటెక్కడికి? ఇంకో గ్లాసు పొయ్యండి" అంది సీతామహాలక్ష్మి.

ఆయన వెనక్కి తిరిగాడు. ఆవిడ ఖాళీ గ్లాసు ముందుకి చాపి ఉంది.

"బాలేదన్నావుగా?"

"బాలేదన్నాను. వద్దన్నానా?"

ఆయన పోశాడు. సగం గ్లాసులో, సగం బల్ల మీద. ఆవిడ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలు చాలు" అంది. మాస్టారు అప్పటిదాకా ఎంత బిగబట్టుకున్నాడో ఏమో, తన గ్లాసు కూడా ముందుకి చాపి, "నాకూ... నాక్కూడా అండీ" అనేసి, చెవులదాకా ఎర్రబడిపోయాడు.

సగం గ్లాసు రెండో గ్లాసు కిందికి రాదని సీతామహాలక్ష్మి ఇప్పటికీ వాదిస్తుంది. ఆ వాదన రోజూ సాయంత్రం పాలు పితకడం అయ్యాక, కొట్టులో ఆ బల్ల మీదే కూర్చుని, చేదుగా ఉందంటూ టీ తాగుతూ చేస్తుంది.